శాసనం అచ్చు తీసే సంచి: ఏది కొనాలి, ఏది మానాలి

1926లో నాగార్జునకొండ లోయలో ఒక పాత రాతి స్తంభం సూరపరాజు వెంకటరామయ్యగారి కంటపడింది. ఆయన బడిపంతులు. చూసి ఊరుకోకుండా మద్రాసు ప్రభుత్వానికి కబురు పెట్టారు. అక్కడి శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి ఆ చోటును పరిశీలించారు. 1927లో పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టారు. 1954 నుంచి 1960 దాకా మళ్లీ పెద్ద ఎత్తున తవ్వి, తరలించగలిగినవాటిని కొండ మీదికి చేర్చారు. ఆ తర్వాత లోయంతా సాగర్ నీళ్లలో మునిగింది. ఆ లోయలో ఉండిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి గురించి ఈరోజు మనకు తెలిసిన సంగతులకు మొదలు ఆ పంతులుగారి కబురు.

అంతకు పదకొండేళ్ల ముందు, 1915లో, నిజాం రాజ్యంలోని మస్కి దగ్గర బంగారు గనుల ఇంజనీరు బీడన్‌ ఒక బండ మీద రాతలు చూశాడు. శాసనాల్లో ‘దేవానాంప్రియుడు’ అని కనిపించే రాజు అశోకుడేనని తేల్చింది ఆ బండే. అశోకుడి పేరు అందులో నేరుగా ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలను 1929లో గుర్తించిన అను ఘోష్ భూగర్భ శాస్త్రవేత్త.

పంతులు, ఇంజనీరు, భూగర్భ శాస్త్రవేత్త, ఈ ముగ్గురిలో ఎవరికీ శాసనాలు చదవడం వృత్తి కాదు. తాము చూసినదాన్ని చదవగలిగినవాళ్ల దగ్గరికి చేర్చారు. ఔత్సాహిక పరిశోధకుల పని విలువంతా ఆ చేర్చడంలోనే ఉంది. బండ దగ్గరికి రాని మనిషి కూడా మీ నకలును తన బల్ల మీద పరుచుకుని అక్షరం అక్షరం సరిచూసుకోగలగాలి. అలాంటి నకలు ఉంటే, మీరు చదివింది తప్పయినా మీ పని నిలుస్తుంది. అది లేకపోతే, సరిగ్గా చదివినా నమ్మేవాళ్లు ఉండరు. ఈ సమీక్షలో ఒక్కో వస్తువునూ ఆ లెక్కతోనే తూచాం.

శాసనం మీద తడి కాగితం పరిచి, కొట్టి, మసి అద్ది తీసే నకలును మన దగ్గర ఎస్టాంపేజీ అనో, అచ్చు అనో అంటారు. దానికి కావలసిన సామాను మొత్తం ఒకే అంగడిలో దొరకదు. కాగితం ఒకచోట, బ్రష్షు ఇంకోచోట కొనాలి, మసిమూట ఇంట్లో కట్టుకోవాలి. డబ్బు ఎక్కువ కాదు. కానీ మొదటిసారి కొనేవాళ్లు ప్రతి వస్తువు దగ్గరా ఏదో ఒక పొరపాటు చేస్తారు, ఎక్కువగా కాగితం దగ్గరే.

ప్రింటర్‌లో పెట్టే కాగితం దీనికి పనికిరాదు. 70, 80 జి.ఎస్.ఎం. కాగితం మందం ఎక్కువ, పైగా నీరు పీల్చకుండా దానికి గంజి పట్టించి ఉంటారు. అందుకే తడిపినా అక్షరం గుంటలోకి దిగదు, మీదే వంతెనలా నిలబడిపోతుంది. టిష్యూలాంటి పల్చటి కాగితం గుంటలోకి బాగానే దిగుతుంది కానీ నాలుగు దెబ్బలకే చిరుగుతుంది. ఈ రెండింటికీ మధ్యది కావాలి. పల్చని మ్యాప్‌లిథో గానీ, చేత్తో చేసిన పల్చటి కాగితం గానీ సరిపోతుంది. అంగడిలోనే పరీక్షించుకోవచ్చు. అరచెయ్యంత ముక్క చించి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచండి. తీసి రెండు చేతులతో మెల్లగా లాగితే వెంటనే తెగిపోకూడదు. దాన్ని రూపాయి నాణెం మీద పరిచి వేలితో నొక్కితే అంకె స్పష్టంగా తేలాలి. రెండు పరీక్షలూ నెగ్గితేనే పెద్ద షీట్లు కొనండి. షీట్లను చుట్ట చుట్టించుకుని తీసుకెళ్లండి. మడతపెడితే ఆ గీత అచ్చులో అడ్డంగా నల్లచారలా పడి, అక్షరంలో భాగమేమో అనిపిస్తుంది. శాసనం కన్నా నాలుగు వైపులా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉండేలా కాగితం కత్తిరించాలి. పెద్ద శాసనానికి రెండు మూడు షీట్లు కావాల్సి వస్తే, ఒకదాని అంచు ఇంకోదాని మీద కనీసం ఒక పంక్తి మేర ఎక్కాలి. ఆ పంక్తి రెండింటిలోనూ ఉంటే తర్వాత ఎక్కడ కలపాలో తికమక ఉండదు.

సంచిలో అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రష్షు. మా దృష్టిలో డబ్బు ఖర్చుపెట్టాల్సిన వస్తువు ఇదొక్కటే. బట్టలుతికే ప్లాస్టిక్ బ్రష్షు కాగితాన్ని చీరేస్తుంది. కొబ్బరిపీచు బ్రష్షుకు కొసలు ఎగుడుదిగుడుగా ఉండి, ఒకచోట దిగితే పక్కచోట దిగదు. బూట్లు తుడిచే బ్రష్షు మరీ మెత్తన, లోతైన అక్షరాల్లో కాగితాన్ని అడుగుదాకా తోయలేదు. దట్టంగా, ఒకే ఎత్తులో కుట్టిన జంతువుల వెంట్రుకల బ్రష్షు కావాలి. వెంట్రుక అంగుళంన్నర నుంచి రెండంగుళాలు ఉండి, పట్టుకోవడానికి పొడవాటి పిడి ఉంటే మేలు. అరచేతిలో కొట్టుకుని చూడండి. చుర్రుమనాలి గానీ గుచ్చుకోకూడదు. హైదరాబాద్‌ వాళ్లు బేగంబజార్‌లో ఓపిగ్గా వెతుక్కోవచ్చు. వాడాక కడిగి, వెంట్రుకలు కిందికి ఉండేలా వేలాడదీయాలి. నిలబెట్టి ఆరబెడితే నీరు పిడిలోకి దిగి, కొన్నాళ్లకు కుచ్చులు ఊడిపోతాయి.

మసి విషయంలో చాలామంది సీసాలో దొరికే ఇండియన్ ఇంక్ కొంటారు. నల్లగా, నిండుగా పడుతుంది, అచ్చు అందంగా వస్తుంది. అయినా దాన్ని మేం వద్దనే అంటాం. అందులో చాలా రకాలు ఆరాక నీటికి కరగవు. కాగితం ఒక్కచోట చిరిగినా మరక రాతికి శాశ్వతంగా ఉండిపోతుంది. వెయ్యేళ్లు నిలిచిన శాసనానికి మన చేతి మచ్చ మిగలడం కన్నా దారుణం లేదు. దీపపు మసి, తుమ్మబంక నీళ్లు కలిపి చేసుకున్న సిరా అయితే, పొరపాటున కారినా తడిగుడ్డతో వెంటనే తుడిచేయవచ్చు. బంకను ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున గుడ్డలో వడగట్టాలి. అందులో మసిని కొద్దికొద్దిగా వేసి, ఉండలు లేకుండా నూరాలి. బంక ఎక్కువైతే ఆరిన అచ్చు నిగనిగలాడి, మడత దగ్గర పెళుసుగా పగులుతుంది. తక్కువైతే మసి చేతికి అంటుతూనే ఉంటుంది. ఒక కాగితం ముక్క మీద అద్ది, ఆరాక వేలితో రుద్దండి. వేలికి లేత బూడిదరంగు కన్నా ఎక్కువ అంటకపోతే పాళ్లు కుదిరినట్టే. ఒక మోస్తరు శాసనానికి టీ గ్లాసులో సగం సిరా సరిపోయి ఇంకా మిగులుతుంది.

సిరా అద్దే మూటను డ్యాబర్ అంటారు. దాన్ని కొనక్కర్లేదు. మూడు నాలుగు అంగుళాల గుండ్రటి చెక్కబిళ్ల మీద దూది గట్టిగా దట్టించి, పైన రెండు పొరల మల్లుగుడ్డ బిగించి దారంతో కట్టాలి. గుడ్డ ముడతపడితే ఆ ముడత ప్రతి అద్దకానికీ అచ్చులో పడుతుంది. రెండు చేసుకోండి, పెద్దది మధ్యభాగానికి, బొటనవేలంత చిన్నది అంచులకూ మూలలకూ. మూటను సిరాలో నేరుగా ముంచడం కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. సిరాను ముందు ఒక పళ్లెంలో పరిచిన గుడ్డ మీద పోసి, మూటను దాని మీద అద్ది, పాత కాగితం మీద రెండుసార్లు తట్టి, అప్పుడే శాసనం మీదికి రావాలి.

ఇక పని ఎలా నడుస్తుందో చూద్దాం, సామాను మంచిచెడ్డలు అక్కడే బయటపడతాయి.

ముందు రాయిని శుభ్రం చేయాలి. నీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్షు, అక్షరాల్లో గట్టిపడ్డ మట్టి తియ్యడానికి వెదురుపుల్ల చాలు. ఇనప మేకు, ఉలి, వైరు బ్రష్షు సంచిలోనే ఉండకూడదు. ఉంటే ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి వాటి మీదికి పోతుంది. గుళ్లలో చాలా శాసనాల మీద సున్నమో ఎనామిల్ రంగో పూసి ఉంటుంది. దాన్ని వదిలించడానికి యాసిడ్ వాడితే నాపరాయి, పలనాటి సున్నపురాయి లాంటివి రంగుతోపాటే కరుగుతాయి, అక్షరాల అంచులు ముందు పోతాయి. రంగు పొరలుగా దానంతట అది లేచేచోట వెదురుపుల్లతో తీయండి, రానిచోట వదిలేయండి. చేత్తో రుద్దితే రేణువులు రాలే ఇసుకరాయి మీద అసలు కాగితమే పరచొద్దు. అక్కడ ఫొటోతోనే సరిపెట్టుకోవాలి.

శుభ్రమైన రాయి తడిగా ఉండగానే, తడిపిన కాగితాన్ని పైఅంచు నుంచి కిందికి దించుతూ పరవాలి. గాలి బుడగలను మధ్య నుంచి అంచుల వైపు తోయాలి. తర్వాత బ్రష్షును నిట్టనిలువుగా పట్టుకుని, మధ్యలో మొదలుపెట్టి బయటికి కొడుతూ పోవాలి. ఏటవాలుగా కొడితే కాగితం జారి అక్షరం రెండుగా పడుతుంది. లోతైన అక్షరం దగ్గర కాగితం తెగితే, తడి ముక్క ఒకటి దాని మీద వేసి మళ్లీ కొట్టండి, ముక్క అంచులు దానంతట అవే కలిసిపోతాయి. కాగితం మీద తడి మెరుపు పోయేదాకా ఆగాలి. శీతాకాలం పొద్దుటిపూట అరగంట నుంచి గంట పట్టవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం అంచులు ముందే ఆరి పైకి లేస్తాయి, మధ్యలో ఇంకా తడే ఉంటుంది. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి అనువైన కాలం. చెయ్యి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగిలి, తడి మాత్రం అంటకూడదు. అంచులో ఒక్కసారి మూట తట్టి చూడండి. మసి వెంట్రుకల్లా పాకితే ఇంకా తొందర. పాకకుండా చుక్కగా నిలిస్తే మొదలుపెట్టవచ్చు. ఒకేసారి నల్లగా చేయకూడదు. లేత పూత ఒకటి మొత్తం మీద వేసి, దాని మీద రెండోది, మూడోది. అక్షరాలు తెల్లగా, నేల నల్లగా తేలతాయి. పూర్తిగా ఆరాక పైమూల నుంచి తీయాలి. సగం ఆరగానే లాగితే కాగితం సాగి, లోతు అంతా చదునైపోతుంది.

ఇలా వచ్చిన అచ్చుకు ముందువైపు అక్షరాలు నేరుగానే ఉంటాయి. వెనకవైపు ఉబ్బెత్తుగా, తిరగేసి ఉంటాయి. చదవడం చిక్కుబడినప్పుడు వెనకవైపు పక్క నుంచి దీపం పెట్టి ఫొటో తీసి, ఫోన్‌లో అద్దంలోలా తిప్పి చూడండి. మసి మోసం చేసిన చోట ఉబ్బు మోసం చేయదు.

మసి మోసం ఎక్కువగా జరిగేది సున్న దగ్గర. మన ప్రాంతపు శాసనాల్లో చాలావాటికి గ్రానైటే ఆధారం. అందులో తెల్లటి, గులాబీరంగు పలుకులు కాలం గడిచేకొద్దీ ఊడిపోయి చిన్న గుంటలు మిగులుతాయి. అచ్చులో ఆ గుంట తెల్లటి చుక్కై అక్షరం పక్కన కూర్చుంటుంది, అచ్చం పూర్ణానుస్వారంలా. ‘గడ’ కాస్తా ‘గండ’ అవుతుంది. రాయి దగ్గరే ఉండగా భూతద్దంతో చూసుకోవాలి. పదిరెట్లు పెద్దగా చూపేది చాలు. ఉలి తగిలిన గుంట అడుగు గిన్నెలా నునుపుగా ఉంటుంది, మిగతా అక్షరాల లోతుకు దగ్గరగా ఉంటుంది. పలుకు ఊడిన గుంటకు అంచులు కోసుగా, అడుగు గరుకుగా ఉంటుంది, లోతు వరసకు కుదరదు. అనుమానమున్న ప్రతి చుక్కకూ నోటుబుక్కులో ఒక గుర్తు పెట్టుకోండి. ఇంటికొచ్చాక అచ్చు చూసి తేల్చుకుందామనుకుంటే అది తేలదు.

పద్య శాసనమైతే ఛందస్సు కూడా మీ సంచిలో పనిముట్టే. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు వేయించిన పదో శతాబ్దపు శాసనంలో సంస్కృతం, కన్నడంతోపాటు తెలుగు కందపద్యాలు ఉన్నాయి. కందంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస కలవాలి. మీరు చదివిన పాఠంలో ఒక పాదం ప్రాస తప్పితే, కవిని తప్పుపట్టే ముందు మీ అచ్చును అనుమానించాలి. బండి ఱకు మామూలు రతో ప్రాస కలపరన్న పాత నియమం కూడా ఇక్కడ ఆసరా. అరిగిన అక్షరం ఏ ‘ర’నో కన్ను తేల్చలేనప్పుడు మిగతా మూడు పాదాలు తేలుస్తాయి. బెజవాడ యుద్ధమల్లుని శాసనంలో మధ్యాక్కరలున్నాయని గుర్తుపట్టగలగడమూ ఇలాంటి పనే. దాన్ని పరిష్కరించి ప్రకటించిన జయంతి రామయ్య పంతులుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసిన మనిషి.

కాలం దగ్గర సరిచూసుకునే దారి ఇంకా సులువు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, పుష్యం నుంచి ఫాల్గుణం మధ్య తేదీలకు 79 కలపాల్సి రావచ్చు. దానితోపాటు శాసనంలో ప్రభవాది సంవత్సరం పేరు కూడా సాధారణంగా ఉంటుంది. గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం కాలం శక 1166, క్రోధి. అంటే 1244. క్రోధి సరిపోయింది. అదే చివరి అంకెను 3 అని చదివితే 1241 వస్తుంది, అది ప్లవ. పేరూ అంకే కుదరకపోతే రెంటిలో ఏదో సరిగా చదవలేదన్నమాట, మళ్లీ బండ దగ్గరికి వెళ్లాలి. ఒక్క ఊరి రాయి చరిత్రలో తేదీని మార్చగలదు. రుద్రమదేవి 1295 ప్రాంతం దాకా పాలించిందనుకునేవాళ్లు, నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని 1289కి జరిపింది.

ఇప్పుడు ఫోన్ సంగతి. అచ్చుకు ఫోన్ బదులు కాదు, తోడు. కానీ మంచి తోడు. మిట్టమధ్యాహ్నం ఎదురుగా నిలబడి తీసిన ఫొటో ఎంత పెద్ద కెమెరాతో తీసినా పనికిరాదు, అక్షరం గుంటలో నీడ పడదు కాబట్టి. పొద్దు వాలాకనో, తెల్లవారుజామునో వెళ్లి, టార్చిని రాతికి దాదాపు ఆనించినట్టు పక్క నుంచి పట్టాలి. వెలుగు రాయిని రాసుకుంటూ పోవాలి. ఎడమ, కుడి, పైన, కింద, నాలుగు మూలలు, ఎనిమిది దిక్కుల నుంచి ఎనిమిది ఫొటోలు. నిలువు గీతలు పక్క వెలుతురుకు, అడ్డగీతలు పైవెలుతురుకు తేలతాయి. ఒకే దిక్కు నుంచి తీస్తే సగం తలకట్లు, గుడులు కనిపించవు. ఫోన్ కదలకుండా స్టాండు తప్పనిసరి. చౌకది చాలు. దగ్గరికి వెళ్లి వైడ్ లెన్స్‌తో తీస్తే అంచుల్లో అక్షరాలు సాగుతాయి. వెనక్కి జరిగి రెండింతల జూమ్‌లో తీయండి. ఫోన్ సొంతంగా నునుపు చేసే సదుపాయాలన్నీ ఆపేయాలి. అవి రాతి గరుకును తుడిచేసి, లేని గీతలకు పదును పెడతాయి. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఎక్కడ ఎప్పుడు తీశారన్న వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపండి.

దీనికి పైమెట్టు ఆర్.టి.ఐ. (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) అనే పద్ధతి. సమాచార హక్కు కాదు. కెమెరా కదలకుండా వెలుతురు ఒక్కటే జరుపుతూ తీసిన ఫొటోలన్నిటినీ కలిపి, తర్వాత కంప్యూటర్‌లో వెలుతురును ఎటు కావాలంటే అటు తిప్పి చూసుకునే వీలు కల్పిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఫ్రేములో మెరిసే నల్లగోళీలు రెండు పెట్టాలి. గోళీ మీద పడే మెరుపును బట్టే వెలుతురు ఎటు నుంచి వచ్చిందో అది లెక్కకడుతుంది. ముప్ఫై నలభై ఫొటోలు కావాలి. టార్చికి, రాతికి మధ్య దూరం ప్రతిసారీ ఒకటే ఉండాలి. దానికి టార్చికి దారం కట్టి, కొసను రాతి మధ్యకు ఆనించి కొలిచి, ఫొటో తీసే ముందు దారం పక్కకు తీసేయడమే ఉపాయం. ఆ దూరం శాసనం మూల నుంచి ఎదురు మూలకు ఉండే కొలతకు మూడు నాలుగింతలు ఉండాలి. అచ్చులో అసలు తేలని అరిగిన శాసనాలు దీనిలో తేలతాయి, రాయికి తడి కూడా తగలదు. ఇసుకరాయికి ఇదే దారి. ఒక లోపం ఉంది. వంగిన బండల మీదా, ఇరుకు గర్భగుళ్లలోనూ దారం దూరం కుదరదు. అలాంటిచోట 60 నుంచి 80 శాతం ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చుట్టూ ఫొటోలు తీసి, మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో త్రీడీ నమూనా చేసుకోవడం నయం. బెంగళూరులో మిథిక్ సొసైటీ శాసనాలను త్రీడీ స్కాన్ చేసి భద్రపరుస్తోంది. మన దగ్గర ఊరికొక బృందం ఫోన్‌తోనే ఆ పని మొదలుపెట్టవచ్చు.

డి-స్ట్రెచ్ గురించి చాలామంది అడుగుతారు. అది వెలిసిపోయిన రంగుల కోసం చేసిన సాధనం. గుహల్లో ఎర్రమన్ను బొమ్మలకు అద్భుతంగా పనిచేస్తుంది. చెక్కిన అక్షరాలకు దానితో పెద్దగా లాభం లేదు.

ప్రతి ఫొటోలోనూ కొలత కనిపించాలి. శిలాచిత్రాల పరిశోధకులు వాడే పది సెంటీమీటర్ల రంగుల స్కేలుకార్డు ఉంటే కొలతతోపాటు రంగు కూడా సరిచూసుకోవచ్చు. దాన్ని ఇంట్లో ప్రింట్ తీసుకుంటే ముందు మామూలు స్కేలు పక్కన పెట్టి కొలవండి. ‘పేజీకి సరిపెట్టు’ అన్న సెట్టింగు పది సెంటీమీటర్లను తొమ్మిదిన్నర చేసేస్తుంది. అలాంటి తప్పు స్కేలు ఉండటం కన్నా లేకపోవడమే మేలు.

నోటుబుక్కు, పెన్సిలు. పెన్ను వద్దు, తడి చేతికి చెరుగుతుంది. ఊరు, మండలం, జిల్లా, పాత తాలూకా పేరు, రాయి ఉన్న చోటు, రాయి ఎత్తు వెడల్పులు, పంక్తుల సంఖ్య, పైన చెక్కిన సూర్యచంద్రులు, లింగం, ఆవు, కత్తి లాంటి బొమ్మలు. ఫోన్ చూపే అక్షాంశ రేఖాంశాలు కొన్ని మీటర్లు అటూఇటూ ఉంటాయి, అందుకే దగ్గర్లోని చెరువు తూముకో గుడి గోపురానికో అడుగుల దూరం కూడా రాసుకోవాలి. స్తంభమైతే నాలుగు వైపులకూ తూర్పు, దక్షిణం అని పేరుపెట్టి, ఏ అచ్చు ఏ వైపుదో రాయాలి. నాలుగు ముఖాల శాసనంలో వరస తప్పితే అర్థమే మారుతుంది. ఎర్రగుడిలో ఒక శాసనం కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, నాగలి సాలు తిరిగినట్టు నడుస్తుంది. అచ్చు మీద ‘పై’, ‘కింద’, ‘ముందు’ అని రాయకపోతే అలాంటిదాన్ని ఎవరూ సరిగా పట్టుకోలేరు.

మెటల్ డిటెక్టరు కొనొద్దు. దీనిలో మాకు రెండో ఆలోచన లేదు. అది చూపించిన చోట తవ్వడమే తప్ప దానికింకో ఉపయోగం ఉండదు, తవ్వగానే ఏ పొరలో ఏది ఉందన్న సాక్ష్యం పోతుంది. లైసెన్సు లేకుండా తవ్వడం నేరం. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగలది భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో అనుమతి లేకుండా అచ్చు కూడా తీయకూడదు. పాటిగడ్డ (పాత ఊరి దిబ్బ) మీద కుండపెంకో నాణెమో కనిపిస్తే, ఉన్నచోటనే స్కేలు పెట్టి ఫొటో తీసి తెలియజేయడం వరకే మన పని. దున్నిన చేలో రైతుకు దొరికిన నాణేన్ని చూపిస్తే మాత్రం, చింతపండుతో తోమొద్దని ముందు చెప్పండి. శాతవాహనుల నాణేల్లో సీసానివీ, పోటిన్ అనే మిశ్రమ లోహానివీ చాలా ఉంటాయి. పులుపు సీసాన్ని తినేస్తుంది, అంచు చుట్టూ ఉన్న రాత దానితోనే పోతుంది. పాత కరీంనగర్ జిల్లా కోటిలింగాల ఊళ్లో దొరికిన నాణేల మీద ఛిముకుడి పేరు, గోభద, నారన, సమగోప అనే అంతకుముందు వినని పేర్లు శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రిగారు చదవగలిగారంటే, ఆ రాత చెక్కుచెదరకుండా ఆయన చేతికి చేరడమే కారణం.

సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం కూడా మానాలి. దిద్దినప్పుడు మీరు చదివిందే రాయి మీద రాస్తున్నారు. ఆ తర్వాత తీసిన ఫొటోలో రాయి చెప్పేదేదో మీరు చెప్పేదేదో వేరుచేయడం కుదరదు.

కొనే వరస మా లెక్కలో ఇది: ముందు టార్చి, ఫోన్ స్టాండు, స్కేలు. వాటితో పది శాసనాలు తీశాక కాగితం, బ్రష్షు. మసిమూట కట్టడం నేర్చుకుని, ఇంటి దగ్గర రోటి మీదో చెక్కిన గడప మీదో నాలుగుసార్లు చేయి తిరిగాకే శాసనం మీద చెయ్యి వేయాలి. ఆర్.టి.ఐ. చివర.

ఇంత సామాను మోసుకుని, ఇంతకన్నా తక్కువ సౌకర్యాలతో తిరిగినవాళ్ల వల్లే తెలంగాణ శాసనాలు ఒకచోటికి చేరాయి. 1923లో కన్నుమూసిన కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరుతో హైదరాబాద్‌లో లక్ష్మణరాయ పరిశోధక మండలి పనిచేసింది. ఆదిరాజు వీరభద్రరావుగారు, శేషాద్రి రమణ కవులు లాంటివాళ్లు ఊరూరా తిరిగి శాసనాలు సేకరించారు. మండలి 1935లో తెలంగాణ శాసనాల తొలి సంపుటాన్ని ప్రకటించింది. తర్వాతి తరంలో బి.ఎన్.శాస్త్రిగారు ఆ పని కొనసాగించారు. కరీంనగర్ ప్రాంతంలో ఆదిమానవుల రాతి పనిముట్ల కోసం ఠాకూర్ రాజారాం సింగ్‌గారు ఏళ్లతరబడి నడిచారు. వాళ్లు చూసిన రాళ్లలో కొన్ని ఇప్పుడు రోడ్డు కింద ఉంటాయి, కొన్ని ఇంటి పునాదుల్లో ఉంటాయి. వాటి విషయంలో నకలే ఇక అసలు.

అందుకే ప్రతి శాసనానికీ రెండు అచ్చులు తీయండి. ఆరాక వెనకవైపు మూలలో పెన్సిల్‌తో ఊరు, తేదీ, తీసినవాళ్ల పేరు, ‘2లో 1’ అని సంఖ్య రాయండి. మడతపెట్టకుండా మందపాటి గొట్టానికి చుట్టి, పైన తెల్లకాగితం కప్పి, చెదలు పట్టని ఎత్తులో ఉంచండి. ఒకటి మీ దగ్గర ఉండాలి. రెండోది, ఫొటోలతోనూ మీరు చదివిన పాఠంతోనూ కలిపి, రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ మైసూరులోని కేంద్ర శాసన విభాగానికి గానీ పంపండి. 1887 నుంచి శాసనాల వార్షిక నివేదికలు వస్తున్నది ఆ విభాగం తరఫునే. పాఠంలో అనుమానమున్న అక్షరాలను చదరపు బ్రాకెట్లలో పెట్టండి, అసలు కనిపించనివాటికి చుక్కలు పెట్టండి.